కలెక్టర్ పక్కన కడితే రసం పులుస్తుందా?

మా పెరట్లో గోడవార ఒక మామిడి చెట్టుంది. ఎవరూ నాటలేదు. ఎప్పుడో తిని పారేసిన టెంక మొలిచింది, పీకేద్దాం పీకేద్దాం అనుకుంటుండగానే చెట్టయింది. కాయ పిడికెడు, పులుపు పుట్టెడు. పప్పులోకి దివ్యంగా ఉంటుంది. పండితే మాత్రం ఉడతలు కూడా రెండోసారి కొరకవు. నీడ బాగుందని కొట్టేయడానికి మనసు రాలేదు. సరే, నాలుగు మంచి రకాలు అంటు కట్టిద్దామన్నాను. అన్న నాటి నుంచి ఇంటికొచ్చిన ప్రతివారూ కాఫీ తాగి, చెట్టుకేసి చూసి, ఒక సలహా పడేసి వెళ్లారు. నిజమెంతో తేల్చుకుంటే వాటిలో నిలిచినవి కొన్నే.

అపోహ: పుల్లకాయ చెట్టుకి కడితే ఏ పండైనా పులుస్తుంది

ఈ మాట మొదట అన్నది పక్కింటి మావయ్యగారు. "వేరే పులుపైతే పండు తీపెలా అవుతుందోయ్?" అని. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ వేరు పైకి పంపేది నీళ్లు, నేలలోని పోషకాలు. తీపికి కావలసిన సరుకు తయారుచేసేది ఆకు. ఆ తీపి ఎంత, పులుపు ఎంత, వాసన ఏమిటన్నది పండు కాసిన కొమ్మ ఏ రకానిదో దాన్నిబట్టి ఉంటుంది. అంటు అతికిన చోటికి పైనున్నదంతా పుల్లతో వచ్చిన రకమే, కిందున్నదంతా పాత చెట్టే. చెట్టు ఎత్తు మీద, ఎదుగుదల జోరు మీద వేరుకి కొంత పట్టు ఉంటుంది గానీ పులుపుని పైకి పంపదు.

మావయ్యగారికి నేను చెప్పిన జవాబు ఇంకా సులువైనది. నర్సరీలో కొనే బంగినపల్లి అంటుమొక్క కింది సగం ఏమిటనుకున్నారు? నాటు టెంకలు పోగేసి మొలిపించిన మొక్కే. ఆ లెక్కన మన బంగినపల్లి తోటలన్నీ ఈపాటికి పులిసిపోయి ఉండాలి.

దీనికి తోబుట్టువులాంటి భయం ఇంకొకటుంది. ఒకే చెట్టు మీద కలెక్టర్ కాయ పక్కన రసం కడితే, ఒకదాని పుప్పొడి ఇంకొకదాని మీద పడి రుచులు కలగాపులగం అవుతాయని. పుప్పొడి పడుతుంది, నిజమే. మామిడి పూతకి ఈగలే పెళ్లిపెద్దలు, అవి రకం చూసుకుని వాలవు. కానీ మనం తినే గుజ్జంతా తల్లిదే. తండ్రి వాటా టెంక లోపలి జీడి వరకే. ఆ జీడి మొలిస్తే వచ్చే మొక్క వేరుగా ఉండొచ్చు, ఈ పండు మాత్రం మారదు. నిజానికి పక్కన రెండో రకం ఉండటం మేలే. దశేరి, లంగ్రా లాంటి ఉత్తరాది రకాలు సొంత పుప్పొడితో సరిగా కాయ కట్టవు. అవి తెచ్చి కట్టేవాళ్లకి పక్కింటి కలెక్టర్ చెట్టయినా పనికొస్తుంది.

అపోహ: కొన్నేళ్లకి అంటు మారిపోతుంది

ఇది కళ్లారా చూశామని చెప్పేవాళ్లున్నారు. వాళ్లు చూసింది అబద్ధం కాదు, చెప్పుకున్న కారణమే తప్పు. అతుకుకి కింద పాత చెట్టు చిగుళ్లు వేస్తూనే ఉంటుంది. వేరు దానిది, కాండం దానిది, జోరు కూడా దానిదే. మనం చూసుకోకపోతే ఆ చిగురు రెండేళ్లలో కొమ్మయి, పైనున్న అంటుకి ఎండ తగలకుండా చేసి, చివరికి దాన్ని ఎండబెడుతుంది. ఆ తర్వాత కాసేది పుల్లకాయ. ఇంటివాళ్లు "బంగినపల్లి నాటుగా మారింది" అంటారు. మారలేదు, చచ్చిపోయింది.

మా మొదటి సువర్ణరేఖ పుల్ల ఇలాగే పోయింది. పచ్చగా చిగుళ్లు వస్తున్నాయని ఒక వానాకాలమంతా మురిసిపోయాను. ఆ చిగుళ్లు ఎవరివో వంగి చూడలేదు.

అపోహ: మంచి పండు టెంక పాతితే చాలు, అంటు దేనికి?

మన రకాల్లో చాలావాటి టెంకలో పిండం ఒక్కటే ఉంటుంది. అది తల్లీ తండ్రీ కలిసిన బిడ్డ. ఏ పోలిక వస్తుందో ఎవరూ చెప్పలేరు. ఢిల్లీలోని పూసా సంస్థలో దశేరిని, నీలాన్ని కలిపి పుట్టించిన ఆమ్రపాలి, మల్లికల్నే చూడండి. తల్లిదండ్రులు ఆ రెండే, వరస మాత్రమే అటుదిటు. ఒకటి పొట్టి చెట్టు, చిన్న పండు, లోపల ముదురు నారింజ రంగు. ఇంకొకటి పెద్ద కాయ. ఒకే ఇంటి పిల్లలు ఇంత తేడాగా ఉంటే బజారు పండు టెంక మీద ఆశ పెట్టుకోవడం లాటరీయే. ఏడెనిమిదేళ్లు నీళ్లు పోశాక గానీ ఫలితం తెలియని లాటరీ. మా గోడవార చెట్టే అందుకు సాక్ష్యం.

కేరళ వైపు ఒలూర్, చంద్రకారన్ లాంటి రకాలు వేరు. వాటి ఒక్క టెంకలోంచి రెండు మూడు మొలకలు వస్తాయి, వాటిలో చాలావరకు తల్లికి నకళ్లే. "మా కేరళ స్నేహితుడు టెంకే పాతాడు, అదే పండు కాసింది" అని ఎవరైనా అంటే కొట్టిపారేయకండి.

అయితే ఈ లాటరీలో గెలిచినవాళ్లూ ఉన్నారు. మనం ఇష్టంగా తినే పాత రకాలన్నీ ఒకప్పుడు ఎవరి తోటలోనో తనంతట మొలిచిన టెంక మొక్కలే. ఎవరో రుచి చూసి, ఆగి, అంటు కట్టి నిలబెట్టారు.

అపోహ: మియజాకి కడితే కిలో రెండున్నర లక్షలు

ఇది ఈమధ్య వచ్చిన జబ్బు. మియజాకి అన్నది జపాన్‌లో ఒక ప్రాంతం పేరు. అక్కడ పండించే రకం ఇర్విన్. పుట్టిల్లు అమెరికాలోని ఫ్లోరిడా, 1940ల నాటిది. గాజు ఇళ్ల లాంటి షెడ్లలో పెంచి, కాయకో వల సంచి కట్టి, పండు తనంతట రాలి వలలో పడేదాకా ఆగుతారు. వాటిలో 350 గ్రాములకి తగ్గకుండా, తీపి 15 శాతానికి తగ్గకుండా, రంగు నిండుగా ఉన్నవాటికే 'తైయో నో తమాగో', అంటే సూర్యుడి గుడ్డు అనే ముద్ర వేస్తారు. 2019లో సీజన్ తొలి వేలంలో ఒక జత 5 లక్షల యెన్లు పలికింది. అది పండు ధర కాదు, పండగ ధర. గుళ్లో లడ్డూ వేలం ఎరిగినవాళ్లం, మనకి ఇది వేరే చెప్పాలా?

మీ పెరటి కొమ్మకి కడితే ఇర్విన్ కాస్తుంది. ఎర్రగా, చూడముచ్చటగా ఉంటుంది, చెట్టు మరీ పెరగదు. ఆ ముచ్చట కోసం కట్టుకోవచ్చు. లక్షల కోసమైతే వద్దు.

అపోహ: మంచి రకమంటే బంగినపల్లే

నేను అందరితో పోట్లాడింది ఇక్కడే. బంగినపల్లి మంచిది కాదని కాదు. నంద్యాల జిల్లా బనగానపల్లె పేరు మోసుకుని దేశమంతా తిరిగే పండు. 2017లో ఆంధ్రప్రదేశ్ పేరిట భౌగోళిక గుర్తింపూ వచ్చింది. కానీ తోట రైతుకి మంచి రకం వేరు, పెరటికి మంచి రకం వేరు. రైతుకి ఎకరానికి ఎంత కాసింది, లారీలో నలగకుండా ఊరు దాటిందా, వారం నిలవుందా అన్నది ముఖ్యం. ఆ పరీక్షలన్నీ నెగ్గింది గనకే ఎండాకాలం వస్తే సందు చివర బండి మీద గుట్టలుగా ఉంటుంది. బండి మీద దొరికేదాన్ని ఉన్న నాలుగు కొమ్మల్లో ఒకదాని మీద ఎందుకు ఎక్కించాలి?

పెరట్లో కట్టాల్సినవి బజారు మోయలేనివి. చిన్నరసం, పెద్దరసం, చెరకురసం, పంచదార కలశ. పల్చటి తోలు, లోపలంతా రసం. చెట్టు దిగిన నాలుగు రోజులకే చేతిలో మెత్తబడిపోతాయి. దూరప్రయాణానికి పనికిరావు, పెరటి నుంచి వంటింటి దాకా అయితే హాయిగా వస్తాయి. రసాల్లో పీచుంటుందని మొహం చిట్లించేవాళ్లని చూశాను. పీచుంటే నాటు రకమనీ, లేకపోతే మేలు రకమనీ ఒక లెక్క బయల్దేరింది. కోసుకు తినే పండుకి పీచు లోపమే. రెండు అరచేతుల మధ్య నలిపి, ముచ్చిక కొరికి, మోచేతుల దాకా కారుతుంటే జుర్రుకునే పండుకి అది లోపం ఎలా అవుతుంది? టెంక చీకడం అన్న పని పిల్లలకి మిగిలేదే పీచు వల్ల.

హైదరాబాద్‌లో హిమాయత్ అనీ, మిగతాచోట్ల ఇమాంపసంద్ అనీ పిలిచేది ఇంకో ఉదాహరణ. కాపు తక్కువని రైతులు జంకుతారు, అందుకే అంత ధర. ఇంట్లో నలుగురికి ఒక కొమ్మ ముప్పై కాయలిస్తే చాలదా?

ఊరగాయ సంగతి మరవకండి. ఆవకాయకి ఏ పచ్చికాయైనా ఒకటేననుకోవడం కూడా అపోహే. ముక్క ఏడాది పాటు నూనెలో మెత్తబడకుండా నిలవాలంటే పులుపు, గట్టి కండ, టెంక పెచ్చు, కాస్త పీచు కావాలి. జలాలు, తెల్లగులాబి అందుకే పేరుపడ్డాయి. కొత్తపల్లి కొబ్బరి అయితే పచ్చిదీ బాగుంటుంది, పండూ బాగుంటుంది. చోటు తక్కువున్నవాళ్లకి నా ఓటు దానికే.

కాలం కూడా పంచుకోవాలి. సువర్ణరేఖ ముందు వస్తుంది, రసాలు నడిమధ్య, నీలం అందరూ వెళ్లాక. నీలం ఏటా కాస్తుంది, ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు అలిగే గుణం తక్కువ. కానీ తొలకరి పడితే పండు ఈగ దిగుతుంది. ఆలస్యపు కాయల్లో పురుగు కనిపిస్తే అంటుని తిట్టకుండా ముందే కాయలకి కాగితం సంచులు కట్టుకోవాలి.

అపోహ: ఎన్ని రకాలు కడితే అంత గొప్ప

లక్నో దగ్గర మలిహాబాద్‌లో కలీముల్లా ఖాన్ గారు ఒకే చెట్టు మీద 300కి పైగా రకాలు నిలబెట్టారు. 2008లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఆయన జీవితమంతా దానికే ఇచ్చారు, చెట్టు కూడా నూరేళ్లు దాటినది. మన పెరటి చెట్టుకి మూడు, మహా అయితే ఐదు. కారణం జోరు. ఆమ్రపాలి, సంగారెడ్డిలో రుమానీని నీలంతో కలిపి పుట్టించిన మంజీర లాంటివి పొట్టివి; రసాలు మహా ఎదుగుతాయి. పక్కపక్కన కడితే చిన్నది నీడలో నలిగిపోతుంది. అందుకని నెమ్మదస్తుల్ని పైకి నిటారుగా పోయే, ఎండ పడే కొమ్మలకీ, జోరున్నవాటిని కింద అడ్డంగా పోయే కొమ్మలకీ కట్టాలి. ఏటా కాయ కోశాక జోరుగా పోయేవాటిని కత్తిరించాలి. ఇంత పని చేయలేనివాళ్లు ఒకే రకం కట్టుకుని సుఖంగా ఉండొచ్చు.

మరికొన్ని

ఏడాదంతా కాసే పునాస రకం ఒక్కటి కడితే చాలంటారు. రెండు మూడు విడతలు పూస్తుంది, అకాలంలో పప్పుకో కాయ దొరుకుతుంది. అయితే ప్రతి విడతా గంపలకొద్దీ రాదు, అన్ని విడతలకీ ఎండాకాలపు తీపీ ఉండదు. జీడిమామిడి చెట్టు మీద మామిడి కట్టొచ్చా అని ఒకరు అడిగారు. కుటుంబం ఒకటే అయినా అతకదు.

ముదురు మానుకి నేరుగా పుల్ల గుచ్చితే పట్టదు. కొమ్మని కోసి, వచ్చిన కొత్త చిగుళ్లు పెన్సిలంత లావయ్యాక వాటికి కట్టాలి. వానలు మొదలయ్యాక, గాలిలో తేమ ఉండగా కడితే మంచిది. పుల్ల మీది ఆకుల్ని వారం పది రోజుల ముందే తొడిమలు ఉంచి కత్తిరిస్తే మొగ్గలు ఉబ్బి సిద్ధంగా ఉంటాయి. అమావాస్యనాడు కడితే అతకదన్నారు ఒకరు. చాకు మొద్దుగా ఉంటే పౌర్ణమినాడు కూడా అతకదు. మరుసటి ఏడే పూత కనిపించినా తుంచేయాలి. మనసొప్పదు, అయినా తుంచాలి. పండు నోటికందేది రెండు మూడేళ్లకే.

చెట్టునంతా ఒకేసారి నరకకూడదు. ఒక పాత కొమ్మ ఉంటే వేళ్లకి తిండి పంపుతూ ఉంటుంది. మా ఇంట్లో ఆ కొమ్మని ఇక ఎప్పటికీ కొట్టేది లేదని తేల్చేశారు, పప్పుకి కావాలిగా. దక్షిణం వైపు పై కొమ్మ మీద ఆమ్రపాలి చిగురేసింది, కింద అడ్డకొమ్మకి చిన్నరసం పట్టింది. వీధి వైపు కొమ్మ ఇంకా ఖాళీ. మా అత్తయ్య వాళ్లూరి పంచదార కలశ పుల్లలు తడిబట్టలో చుట్టి తెస్తానంది. ఆమె బస్సెక్కేలోగా చాకు సాన పట్టించాలి.