మత్తుమందును, మింగిన ముద్దయు

భోజనవేళ మెతుకు పెడదారి పట్టినచో పొలమారును. ఎవరో తలచుకొనుచున్నారని పెద్దలు మాడుమీద తట్టుదురు. తలచుకొన్నవా రెవరైనను, అప్పుడు మనలను కాపాడునది దగ్గు. అన్ననాళమును, ఊపిరిగొట్టమును గొంతులో నొకదానిచెంత నొకటి యుండుటచే దగ్గు కావలి కాయుచుండును. స్పృహ తప్పునట్లు మత్తుమందిచ్చినపుడు ఆ కావలి నిదురించును. కడుపులోని యన్నమో, పుల్లని జఠరరసమో పైకి పొంగి యూపిరితిత్తులలో జొచ్చినను రోగికి పొలమారదు.

ఈ యాపద గర్భిణులకు మఱింత యెక్కువ. పెరిగిన గర్భము కడుపును పైకి నొక్కును. నొప్పులు మొదలైన పిదప తిన్నది త్వరగా దిగదు. న్యూయార్కులోని యొక ప్రసూతి వైద్యాలయమున 1932 మొదలు 1945 వరకు జరిగిన 44,016 కాన్పులను పరిశీలించి మెండెల్సన్ అను వైద్యుడు 1946లో ఒక వ్యాసము ప్రకటించెను. 66 మందికి కడుపులోనిది ఊపిరితిత్తులలోనికి బోయెను. గట్టి యాహార మడ్డుపడి యిద్దరు మరణించిరి.

మత్తునందు ఊపిరినే కనిపెట్టియుండవలె నను వాదము మన తెలుగునేలకు క్రొత్త కాదు. 1880వ దశకము చివర హైదరాబాదులో లారీ అను వైద్యుడు దీనినే బోధించుచుండెను. అచ్చటనే రూపాబాయి ఫర్దూన్‌జీ యను పార్సీ వనిత క్లోరోఫారమిచ్చు విద్య నేర్చి, ప్రపంచమున నీ వృత్తి చేపట్టిన తొలి స్త్రీలలో నొకతె యయ్యెను.

నిండు కడుపుతో వచ్చినవారికి మత్తువైద్యులు ముందుగా ప్రాణవాయువును బాగుగ పీల్పింతురు. పిమ్మట త్వరగా పనిచేయు మందులిచ్చి, వెంటనే యూపిరిగొట్టములో నొక గొట్టమును దించి, దాని చివరనున్న చిన్న బుడగను ఉబ్బించి దారి మూయుదురు. గొంతుమీది యుంగరమువంటి మృదులాస్థిని నొక్కి యన్ననాళమును మూయు నుపాయమును సెల్లిక్ అను ఆంగ్లవైద్యుడు 1961లో వెల్లడించెను. దాని ప్రయోజనమును గూర్చి నేడు వైద్యులలో నేకాభిప్రాయము లేదు. కాన్పు శస్త్రచికిత్సకు, వీలైనచో, వెన్నులో సూదివేసి మెలకువతోనే యుంచుట కిదియు నొక కారణము.

ఇక మన యిండ్ల సంగతి. కోనసీమనుండి కాకినాడ పెద్దాసుపత్రికి బయలుదేరునపుడు "ఓపిక యుండవలదా తల్లీ" యని పెరుగన్నమో, కాఫీయో పట్టించుట ప్రేమయే. వైద్యుడడిగినపుడు, శస్త్రచికిత్స వాయిదా పడునేమో యని, "ఏమియు తినలే"దనుట మాత్రము ప్రేమ కాదు. ముందుగా నిర్ణయించిన చికిత్సకు, సాధారణముగ, తేలికయైన ఫలహారము, పాలు, పాలు కలిపిన కాఫీ 6 గంటల ముందే మానవలెను. నేయి, నూనె గల భోజనము 8 గంటల ముందు. మంచినీరు 2 గంటల ముందువరకు త్రాగవచ్చును. మధ్యాహ్నపు చికిత్సకు ముందటి రాత్రినుండియే నీరైన నీయక యేకాదశి చేయించుట మాకు నిష్కారణ కాఠిన్యముగ దోచుచున్నది. రోగినిబట్టి వైద్యులు చెప్పిన గడువు వేరైనచో దానినే పాటింపవలెను.

ప్రాణాపాయమున, తిన్నారని చెప్పినంతమాత్రమున చికిత్స మానరు. గొట్టము దించు పద్ధతిని మాత్రమే మార్తురు. ఏమి తిన్నది, ఏ వేళ తిన్నది, గడియారపు లెక్కతో చెప్పిన చాలును.