అతుకే ఆధారం: పాంసుకూలం నుంచి బొంత వరకు

జంషెడ్‌పూర్ ఉక్కు నగరం. 1907లో స్థాపితమైన టాటా ఇనుము ఉక్కు కంపెనీ సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమ ప్రాంతంలోని సాక్చి అనే పల్లెను తన కర్మాగారానికి ఎంచుకున్నది. 1912లో అక్కడ తొలి ఉక్కు తయారైంది. 1919లో ఊరికి ఇప్పటి పేరు వచ్చింది. ఉక్కు తయారీలో ఖనిజంతో పాటు ఇనుప తుక్కు కూడా కొలిమిలోకి పోతుంది. అక్కడ పాత చక్రం, పాత పట్టా, విరిగిన కమ్మీ తమ రూపాన్ని పూర్తిగా కోల్పోయి కొత్త లోహమవుతాయి. పునర్వినియోగంలో ఇది ఒక పద్ధతి: పూర్వరూపాన్ని చెరిపివేయడం.

అదే నగరంలోని ఇళ్లలో మరొక పద్ధతి ఉన్నది. కర్మాగారపు పనికోసం బెంగాల్, బీహార్, ఒడిశా ప్రాంతాల నుంచి, ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు తరతరాలుగా అక్కడ ఇరుగుపొరుగుగా నివసిస్తున్నాయి. పాత చీరలను పొరలుగా పేర్చి కుట్టిన దుప్పటిని తెలుగువారు బొంత అంటారు. బెంగాలీలకు అది కాంథా, ఉత్తర బీహారువారికి సుజనీ, ఝార్ఖండ్ పల్లెవాసులకు లేద్రా. పేర్లు వేరైనా పని ఒకటే. ఇక్కడ పాత వస్తువు కరగదు. దాని రంగు, అంచు, చిరుగు, మాసిక కొత్త వస్తువులో కంటికి కనిపిస్తూనే ఉంటాయి. ఇది పూర్వరూపాన్ని నిలిపి ఉంచే పద్ధతి. బౌద్ధ చీవర సంప్రదాయం ఈ రెండవ పద్ధతికి చెందినదని గుర్తిస్తే, ఇంటి మూలన పడి ఉన్న బొంతను పరిశోధకులు చూడవలసిన తీరు మారుతుంది.

బొంత నిర్మాణం

ఒక చీరకు చిరుగు పట్టే సమయానికి దాని నూలు అనేక ఉతుకులకు మెత్తబడి ఉంటుంది. ఒంటి పొరగా అది నిలవదు. అటువంటి బట్టలను కొన్ని పొరలుగా పరచి, సూది పైకీ కిందికీ పోయే సాదా కుట్టును దగ్గరదగ్గరగా వేస్తే, ఏ పొరకూ లేని బలం అన్నింటికీ కలిపి వస్తుంది. బెంగాలు కాంథాలలో కుట్టుదారం సైతం పాత చీర అంచునుంచి లాగిన పోగే. ఈ నిరాడంబరమైన కుట్టే పద్మాలుగా, రథాలుగా, ఏనుగులుగా విస్తరించి చిత్రకళ అయింది. కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ సేకరించిన కాంథాలు నేడు ఫిలడెల్ఫియా కళా మ్యూజియంలో ఉన్నాయి. బీహారులో నవజాత శిశువును పాత గుడ్డలతో కుట్టిన సుజనీలో చుట్టడం ఆచారం. పీలికలకు అధిదేవతగా చితిరియా మా అనే తల్లిని అక్కడివారు తలచుకుంటారు.

వినయంలో పాత బట్ట

భిక్షువు ఆధారపడవలసిన నాలుగు నిశ్రయాలలో పాంసుకూల చీవరం ఒకటి. జీవకుని అభ్యర్థనపై గృహస్థులు ఇచ్చే వస్త్రాన్ని స్వీకరించేందుకు అనుమతి లభించిన తరువాత కూడా ఆ ఆదర్శం తొలగలేదు. ఇక్కడ గమనించవలసినది మహావగ్గలోని చీవరఖంధకం చెప్పే లెక్క. కొత్త బట్ట అయితే సంఘాటి రెండు పొరలు. ఉత్తరాసంగం, అంతరవాసకం ఒక్కొక్క పొర. వాడి నలిగిన బట్ట అయితే సంఘాటి నాలుగు పొరలు, మిగిలినవి రెండేసి పొరలు. పాంసుకూలమైతే కావలసినన్ని పొరలు. బట్ట ఎంత నలిగితే పొరలు అంత పెరగాలన్న ఈ నియమం బొంత కుట్టే గృహిణికి అనుభవంలో తెలిసినదే. మాసిక వేయడం, రఫూ చేయడం, బలహీనమైన చోటును గట్టిపరచడం కూడా అదే ఖంధకంలో అనుమతి పొందాయి.

దక్షిణగిరి వైపు సాగే చారికలో బుద్ధుడు మగధ పొలాల గట్లను ఆనందునికి చూపి, చీవరాలను అలా కూర్చగలవా అని అడిగిన ఘట్టం సుపరిచితం. ఆనందుడు కూర్చిన చీవరాన్ని ప్రశంసిస్తూ చెప్పిన కారణం ముఖ్యమైనది. కోసి కుట్టినది శ్రమణునికి తగినది, ఇతరులు ఆశపడనిది. అంటే అతుకు పేదరికపు గుర్తు మాత్రమే కాదు. బట్టకున్న బజారు విలువను తీసివేసే ఉద్దేశపూర్వక చర్య అది. బట్ట కొత్తదైనా ఆ కోత తప్పదు.

బుద్ధఘోషుని విశుద్ధిమగ్గ పాంసుకూలాన్ని 23 రకాలుగా విభజించింది. శ్మశానంలో దొరికినది, అంగడి వాకిట పడినది, వీధిలో విసిరినది, చెత్తకుప్పలోనిది, ప్రసవానికి వాడినది, నిప్పు అంటినది, ఆవు నమిలినది, చెదలు తిన్నది, ఎలుక కొరికినది, సముద్రం ఒడ్డుకు తోసినది మొదలైనవి అందులో ఉన్నాయి. ఈ విభజన నేతను బట్టిగానీ, రంగును బట్టిగానీ జరగలేదు. బట్ట ఎక్కడ దొరికింది, దానికి ఏమి జరిగింది అన్నవే ప్రమాణాలు. పురావస్తు శాస్త్రం ప్రతి వస్తువును గురించి వేసే మొదటి ప్రశ్నలు కూడా ఇవే.

చివరి మజిలీ

చుల్లవగ్గలో ఉదయన మహారాజు ఆనందుని, ఇన్ని చీవరాలు ఏమి చేసుకుంటారని ప్రశ్నిస్తాడు. చీవరాలు చిరిగిన భిక్షువులకు పంచుతామని ఆనందుడు చెబుతాడు. మరి ఆ పాతవి? పైదుప్పట్లు. అవి పాతబడితే పరుపు గలీబులు, ఆపైన నేలపరుపులు, కాళ్లు తుడిచే గుడ్డలు, దుమ్ము తుడిచే గుడ్డలు. చివరకు వాటిని దంచి బంకమట్టిలో కలిపి నేలకు పూస్తారు. నూలు మట్టిలో కలిసిపోతుంది కనుకనే ఈ వరుస పూర్తి అవుతుంది.

నేటి పాత బట్టలో పాలిస్టరు పాలు ఎక్కువ. పెట్రోలియం నుంచి పుట్టిన ఆ పోగు నూలులా మెత్తబడదు, మట్టిలో త్వరగా కలవదు. ఆనందుడు చెప్పిన వరుసలో చివరి మజిలీ దానికి లేదు. థాయిలాండులోని వాట్ చాక్ డేంగ్ విహారంలో వాడిపారేసిన ప్లాస్టిక్ సీసాలను పోగుగా మార్చి, నూలుతో కలిపి నేయించి చీవరాలు కుట్టిస్తున్నారు. వ్యర్థాన్ని చీవరం చేయడంలో అది పాంసుకూలానికి వారసురాలే. అయితే సీసా తన రూపాన్ని కోల్పోతుంది గనుక పద్ధతి కొలిమికి దగ్గరిది. వాడకం ముగిసిన తరువాత ఆ చీవరం ఏమవుతుందన్న ఉదయనుని ప్రశ్న దానికీ వర్తిస్తుంది.

వ్యర్థంతో శిల్పం చేసేవారు ఈ చిక్కును మరొక విధంగా ఎదుర్కొంటున్నారు. మట్టిలో కలవని వస్తువును చాలాకాలం నిలిచే వస్తువుగా మలుస్తారు. చండీగఢ్‌లో 1976లో ప్రారంభమైన రాక్ గార్డెన్ స్రష్ట నేక్‌చంద్ పగిలిన పింగాణీతో, గాజుముక్కలతో పాటు పాత బట్టలతోనూ మనిషంత ఎత్తు బొమ్మలను చేశాడు. తెనాలి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు రూపొందించారు. దగ్గరికి వెళ్లి చూస్తే నట్టు నట్టుగానే కనిపిస్తుంది. ఉక్కు కూడా కరగకుండానే కొత్త రూపం పొందగలదని ఆ విగ్రహాలు చూపుతున్నాయి.

భద్రపరచవలసినది

భారతదేశపు తేమలో వస్త్రం నిలవదు. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలలో చీవరపు మడతలు చూడగలము గాని, ఆనాటి చీవరం మన చేతికి రాదు. ఎడారి పొడిగాలి కాపాడిన తున్‌హువాంగ్ 17వ గుహనుంచి ఆరెల్ స్టెయిన్ 1907లో సేకరించిన పట్టు అతుకుల వస్త్రం వంటివి బహు అరుదు. కనుక అతుకుబట్ట తయారీని అర్థం చేసుకోవడానికి మన ప్రాంతంలో మిగిలిన ప్రత్యక్ష ఆధారం వాడుకలో ఉన్న బొంతే. అదీ తరిగిపోతున్నది. అమ్మకానికి చేసే సుజనీలలో కొత్త బట్ట చోటుచేసుకున్నది. మ్యూజియాలకు చేరేవి ఎక్కువగా అందమైన కుట్టుపని ఉన్నవే. కప్పుకుని చిరిగిన మామూలు బొంత చెత్తలోకి పోతున్నది.

అందువల్ల ఒక బొంత సేకరణకు వచ్చినపుడు ఉతకక ముందే, కుట్టు సవరించక ముందే నాలుగు విషయాలు నమోదు కావాలి: ఏ పొర ఎవరి ఏ బట్ట, ఎన్ని పొరలు, ఏ మాసిక ఎప్పుడు పడింది, కుట్టినవారు దానిని ఏ పేరుతో పిలిచారు. జంషెడ్‌పూర్ వంటి నగరంలో నాలుగు భాషల ఇళ్లు ఒకే వీధిలో ఉంటాయి గనుక ఈ పని అక్కడ సులభం, పోల్చి చూడడానికి అనువు. విహారాలలో పాతబడిన చీవరాలకు సైతం ఇదే నమోదు వర్తిస్తుంది. మాసికను విప్పి బట్టను చదును చేస్తే అందం పెరగవచ్చు. కానీ ఆ బట్ట ఎవరి ఒంటిమీద నలిగిందో, ఎక్కడ చిరిగిందో, ఎవరి చేయి దానిని నిలబెట్టిందో చెప్పగల సాక్ష్యం ఆ మాసికతోనే పోతుంది.