నొప్పి మందుకు బీమా కంపెనీ కాదంటే

అమెరికాలో పనిచేస్తూ దెబ్బ తగిలిన కార్మికుడి వైద్యం ఖర్చును యజమాని తీసుకున్న వర్కర్స్ కాంపెన్సేషన్ బీమా భరిస్తుంది. నడుముకో భుజానికో గాయమై ఏళ్ల తరబడి నొప్పితో బతుకుతున్న వాళ్లకు ఇందులో ఎదురయ్యే పెద్ద చిక్కు నొప్పి మందులతోనే. నాలుగైదేళ్లుగా వేసుకుంటున్న మాత్రలకు ఇక అనుమతి లేదంటూ ఉన్నట్టుండి ఉత్తరం వస్తుంది. నిబంధనలు రాష్ట్రానికో తీరుగా ఉంటాయి. తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో ఉన్న కాలిఫోర్నియాలో పద్ధతి ఇదీ.

వైద్యం చేసే డాక్టరు మందు కావాలని ఒక ఫారం నింపి, రిపోర్టు జతచేసి బీమా కంపెనీకి పంపుతారు. దాన్ని పరిశీలించడాన్ని యుటిలైజేషన్ రివ్యూ అంటారు. కంపెనీ ఉద్యోగి అయిన అడ్జస్టర్ సరే అనవచ్చు గానీ కాదనే అధికారం ఆయనకు లేదు. కాదనాలంటే మరో డాక్టరే అనాలి, కారణాలు రాసి ఇవ్వాలి. మామూలుగా 5 పనిదినాల్లో నిర్ణయం రావాలి. అదనపు సమాచారం అడిగినా 14 రోజులు దాటకూడదు.

ఆ రెండో డాక్టరు రోగిని చూడరు, కాగితాలే చూస్తారు. చాలా తిరస్కారాలకు మూలం ఇక్కడే ఉంది. ‘నొప్పి అలాగే ఉంది, మందు కొనసాగించాలి’ అని నెలనెలా ఒకే వాక్యం రాసే రిపోర్టు పరీక్షకు నిలవదు. మందు వేసుకున్నప్పుడు అరగంట నిలబడి వంట చేసుకోగలుగుతున్నారని, వేసుకోనప్పుడు పది నిమిషాలకే కూలబడుతున్నారని రాస్తే దానికి బలం ఉంటుంది. నల్లమందు తరహా ఓపియాయిడ్ మందులైతే మూత్ర పరీక్షల ఫలితాలు, గబాపెంటిన్ మాత్రలు, ఫిజియోథెరపీ వంటివి ముందు ప్రయత్నించి చూసిన వివరాలు కూడా అందులో ఉండాలి. తన రోజు ఎలా గడుస్తోందో రోగి ప్రతిసారీ విడమరచి చెబితేనే డాక్టరు ఇవన్నీ రాయగలరు. ఇంగ్లిష్ రానివాళ్లు వైద్యుడి దగ్గర దుబాసీని కోరవచ్చు. ఆ ఖర్చు బీమా కంపెనీదే.

తిరస్కారం వచ్చాక గడువే కీలకం. తిరస్కారాన్ని కంపెనీతో సంబంధం లేని వైద్యుడు మళ్లీ పరిశీలించే ఇండిపెండెంట్ మెడికల్ రివ్యూకు 30 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి. వివాదం రాష్ట్రం నిర్ణయించిన మందుల జాబితాకు (ఫార్ములరీ) సంబంధించినదైతే 10 రోజులే. కంపెనీ నింపిన ఫారం ఆ ఉత్తరంతోనే వస్తుంది. సంతకం చేసి, ఉత్తరం నకలు జతచేసి పంపితే చాలు. రుసుము కార్మికుడిపై పడదు. అయితే ఈ దశలోనూ ఎక్కువ తిరస్కారాలు అలాగే నిలుస్తున్నాయి కాబట్టి లోటు కనిపించిన కాగితాలను కొత్త రిపోర్టుతో సరిదిద్ది పంపడం అవసరం. ఏ మార్పూ లేకుండా అదే మందును మళ్లీ అడిగితే ఫలితం ఉండదు. పాత తిరస్కారం 12 నెలలు చెల్లుతుంది. కంపెనీ నిర్ణయమే గడువు దాటి వచ్చిందా అన్నదీ చూసుకోవాలి. అలా వచ్చినది చెల్లదని, అప్పుడు ఆ వైద్యం అవసరమో కాదో కార్మిక పరిహార న్యాయమూర్తే తేల్చవచ్చని 2014లో అప్పీళ్ల బోర్డు చెప్పింది.

వీటన్నిటికంటే ప్రమాదకరమైనది మందు ఒక్కసారిగా ఆగిపోవడం. నడుము నొప్పి వల్ల కుంగిపోయి, ఆందోళనకు లోనైన ఒక కార్మికుడికి క్లోనజెపామ్ అనే ఆందోళన తగ్గించే మందు ఇస్తుండగా, 2013లో సమీక్షకుడు దాన్ని కాదనడంతో మాత్రలు ఒక్కసారిగా ఆగాయి. ఆయనకు నాలుగుసార్లు మూర్ఛ వచ్చింది. ఆ సమీక్షకుడిపై నష్టపరిహారం దావా కుదరదని 2018లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఒంటికి జరిగిన హానికి ఇది చాలా కఠినమైన జవాబు. ఓపియాయిడ్ మందులను హఠాత్తుగా ఆపితే తీవ్రమైన బాధ, ఆత్మహత్య ఆలోచనలు కలగవచ్చని 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఏడాదికి పైగా వాడుతున్నవాళ్లకు మోతాదును నెలకు 10 శాతం చొప్పున, లేదా అంతకంటే నెమ్మదిగా తగ్గించాలని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2022 మార్గదర్శకాలు సూచిస్తున్నాయి.

అందుకే ఉత్తరం అందిన రోజే డాక్టరుకు ఫోన్ చేయాలి. పూర్తి మోతాదు దక్కకపోయినా మెల్లగా తగ్గించుకోవడానికి సరిపడా మందు కోరుతూ ఆయన మరో అభ్యర్థన పంపవచ్చు, సమీక్షించిన డాక్టరుతో నేరుగా మాట్లాడవచ్చు. ఈలోగా సొంత డబ్బుతో కొన్నవాటి రసీదులు దాచుకోవాలి. ఫారాల విషయంలో తడబడేవాళ్లకు డివిజన్ ఆఫ్ వర్కర్స్ కాంపెన్సేషన్ జిల్లా కార్యాలయాల్లోని సహాయ అధికారులు ఉచితంగా సాయం చేస్తారు.