ఆల్చిప్పల్లో దాగిన రోగం

అమెరికాలోని చీసపీక్ అఖాతంలో ఆల్చిప్పలు తగ్గడానికి వేట ఒక్కటే కారణం కాదు. రెండు పరాన్నజీవులు కూడా వాటిని దెబ్బతీశాయి. ఎంఎస్ఎక్స్ అనేది 1957లో డెలావేర్ అఖాతంలో, 1959లో చీసపీక్‌లో బయటపడింది. ఆసియా నుంచి పసిఫిక్ ఆల్చిప్పలతో వచ్చిందని జన్యు పరీక్షలు చెబుతున్నాయి. అది ఒక ఆల్చిప్ప నుంచి మరోదానికి ఎలా చేరుతుందో ఇంకా అంతుచిక్కలేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది రెండోది, డెర్మో. నీళ్లను వడకట్టి తినే ఆల్చిప్ప, మేతతోపాటు దీన్నీ లోపలికి తీసుకుంటుంది. రక్తకణాలు దాన్ని మింగుతాయి గానీ చంపలేవు. అది వాటిలోనే పెరిగి, పగలగొట్టుకుని, ఒళ్లంతా పాకుతుంది. ల్యాబులో మేం కణజాలం ముక్కను పోషక ద్రావణంలో కొన్ని రోజులు నానబెట్టి అయోడిన్ వేస్తాం. రోగముంటే సూక్ష్మదర్శిని కింద ముదురు నీలం గోళాలు తేలతాయి. రోగం ముదిరితే ముక్క కంటికే నల్లగా కనిపిస్తుంది. చూసిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

వానల్లేక నీళ్లు ఉప్పెక్కిన ఏళ్లలో చావులు పెరుగుతాయి. నదులు పొంగితే ఎంఎస్ఎక్స్ వెనక్కి తగ్గుతుంది, డెర్మో మాత్రం తక్కువ ఉప్పులోనూ నిలుస్తుంది.

ఈ రెండూ మనుషులకు సోకవు. అయినా ఒకచోటి బతికున్న ఆల్చిప్పలను దయచేసి మరోచోటి నీళ్లలో వదలకండి.