మెదడులో గడ్డ: ఎక్కడ చికిత్స చేయించాలి?

ఫహాహీల్‌లో మనవాళ్ళెవరికైనా మెదడులో కాన్సర్ గడ్డ ఉందని తేలితే, ఆ ఇంట్లో ముందు పుట్టే ప్రశ్న "ఇక్కడే చూపించాలా, ఇంటికి తీసుకెళ్ళాలా?" అని. నేను డాక్టర్ని కాను. కొందరికి తోడుగా ఆసుపత్రులకు వెళ్ళి తెలుసుకున్న సంగతులు చెబుతాను.

పెద్దవాళ్ళలో మెదడులోనే పుట్టే కాన్సర్లలో ఎక్కువగా కనిపించేది గ్లయోబ్లాస్టోమా. చాలా త్వరగా పెరుగుతుంది. మొదట వాపు తగ్గడానికి డెక్సామెథసోన్ ఇస్తారు. తలనొప్పి తగ్గగానే జబ్బు నయమైందనుకుంటాం. కానీ తగ్గింది వాపే, గడ్డ కాదు. ఆ మందును మనంతట మనం ఆపకూడదు.

తరవాత ఆపరేషన్. మాటకూ కాళ్ళూచేతులకూ హాని లేకుండా వీలైనంత గడ్డ తీస్తారు. పైన పీకినా గరిక వేళ్ళు నేలలో మిగిలినట్టు, కొన్ని కణాలు మిగిలే ఉంటాయి. అందుకే గాయం మానిన కొద్ది వారాల్లోనే రేడియేషన్ మొదలుపెడతారు. వారానికి 5 రోజుల చొప్పున 6 వారాలు, మొత్తం 60 గ్రే. ఆ రోజుల్లో రోజూ టెమోజోలమైడ్ గొట్టాలు మింగాలి. ఆ తరవాత సుమారు నెల విరామం, ఆపైన 28 రోజులకొకసారి 5 రోజుల చొప్పున 6 విడతలు. వయసు మళ్ళినవాళ్ళకు రేడియేషన్ 3 వారాలకు కుదించవచ్చు.

ఈ పద్ధతిని నిలబెట్టింది 573 మందిపై జరిగిన, 2005లో వెలువడిన అధ్యయనం. రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవారిలో రెండేళ్ళు బతికినవారు నూటికి 10.4 మంది, మందు కూడా తీసుకున్నవారిలో 26.5 మంది. ఇది పూర్తిగా నయం చేసే చికిత్స కాదు, కాలాన్ని పొడిగించే చికిత్స. గడ్డ ముక్కకు ఎంజీఎంటీ పరీక్ష చేస్తే మందు ఎంతవరకు పనిచేయవచ్చో కొంత తెలుస్తుంది. ఆ పరీక్ష చేయించారా అని అడగండి.

ఇక మొదటి ప్రశ్న. కువైట్‌లో ఇబ్న్ సినా ఆసుపత్రి, కాన్సర్ కంట్రోల్ సెంటర్ రెండూ సబా ప్రాంతంలో ఉన్నాయి. మనవైపు హైదరాబాదులో నిమ్స్, ఎంఎన్‌జే, బసవతారకం, తిరుపతిలో స్విమ్స్ ఉన్నాయి. రెండుచోట్లా చికిత్స ఉంది. తేలవలసింది ఆరు వారాలూ రోగి పక్కన ఎవరుంటారు, సంపాదన ఆగితే ఇల్లు ఎలా గడుస్తుంది అన్నవి. రేడియేషన్ సగం ఇక్కడ, సగం అక్కడ పెట్టుకోవద్దు. వెళ్ళదలిస్తే అది మొదలవకముందే వెళ్ళాలి. ఆపరేషన్ తరవాత కపాలంలో గాలి మిగిలి ఉండవచ్చు కనుక సర్జన్ సరేనన్నాకే విమానం ఎక్కించాలి. ఎమ్మారై సీడీ, ఆపరేషన్ వివరాలు, బయాప్సీ రిపోర్టు, గడ్డ ముక్క ఉన్న మైనపు బ్లాకులు వెంట తీసుకెళ్ళాలి.

మనవాళ్ళు జబ్బు పేరు రోగికి చెప్పరు. కానీ ఈ గడ్డ మాటనూ జ్ఞాపకాన్నీ కూడా తీసుకుపోగలదు. ఎక్కడ ఉండాలో, ఎవరి దగ్గర ఉండాలో ఆ మనిషి చెప్పగలిగిన రోజుల్లోనే అడగాలి.