పశువుల దేహమందలి క్రొవ్వు – ఈనికకు ముందు పోషణ

పరకాల చుట్టుపట్ల చెరువుల క్రింద వరియు, చెలకలయందు పత్తియు, మక్కజొన్నయు సాగుచేయు రైతులలో పాడిబఱ్ఱెను పెంచువారికి ఒక సంగతి అనుభవముననే తెలిసియుండును. బఱ్ఱె వానకాలమున ఈనును. మొదటి నెల పాలు బాగుగనే యిచ్చును. రెండవ నెలలో ప్రక్కటెముకలు బయటపడును, పాలు తగ్గును. నాలుగు నెలలు గడచినను ఎదకు రాదు. దిష్టి తగిలినదనియో, జాతి మంచిది కాదనియో తలచి, తుదకు రైతు దానిని అంగడిలో వచ్చిన వెలకు అమ్మివేయును. పెక్కుసార్లు దోషము దిష్టియందును లేదు, జాతియందును లేదు. ఈనుటకు ముందు రెండు మూడు నెలలలో ఆ పశువు తన దేహమున కూడబెట్టుకొనవలసిన క్రొవ్వును కూడబెట్టుకొనలేదు. ఆ క్రొవ్వు ఎట్లు ఏర్పడును, ఎప్పుడు వ్యయమగును, రైతు దానిని ఎట్లు కనిపెట్టి కాపాడవలెను అను విషయములు ఈ పత్రమున వివరింపబడుచున్నవి.

1. క్రొవ్వు పశువునకు గాదె వంటిది

పంట వచ్చినపుడు రైతు గింజలను గాదెలో పోసికొని, లేని కాలమున వాడుకొనును. పశువు దేహమందలి క్రొవ్వును అట్టిదే. మేతలోని సత్తువలో శ్వాసకు, నడకకు, దేహపు వేడిమికి, కడుపులోని దూడకు, పాలకు పోగా మిగిలినది క్రొవ్వుగా మారి చర్మము క్రిందను, నడుమునందును, తోకమొదటను, కడుపు లోపలను నిలిచియుండును. ఒక గ్రాము పిండిపదార్థమునందు నాలుగు పాళ్ల సత్తువ యుండగా, ఒక గ్రాము క్రొవ్వునందు తొమ్మిది పాళ్లుండును. కొంచెము చోటులో ఎక్కువ సత్తువ దాచుటకు క్రొవ్వును మించినది దేహమున లేదు.

2. గడ్డి క్రొవ్వుగా మారు విధము

నూనె తినని పశువునకు క్రొవ్వు ఎట్లు వచ్చునను సందేహము పూర్వము పండితులకును కలిగెను. ఇంగ్లాండులోని రోథామ్‌స్టెడ్ క్షేత్రమున లాస్, గిల్బర్ట్ అను నిరువురు 1850 దశకమున పందులకు తూచిన మేత పెట్టి, వాని దేహములను పరీక్షించిరి. మేతలోనున్న నూనెకంటె దేహమున పెరిగిన క్రొవ్వు మిక్కిలి అధికముగా కనబడెను. పిండిపదార్థమే దేహములో క్రొవ్వుగా మారునని వారి పరీక్షలవలన స్థిరపడెను.

నెమరువేయు పశువులలో ఈ మార్పు వేఱొక దారిన జరుగును. ఆవు, బఱ్ఱె, గొఱ్ఱెల పెద్దపొట్టలో కంటికి కనబడని సూక్ష్మజీవులు కోట్లకొలదిగా నివసించును. గడ్డిలోని నారను మనుష్యుడు జీర్ణించుకొనలేడు. ఈ జీవులు దానిని పులియజేసి మూడు విధములైన ఆమ్లములుగా మార్చును. పశువునకు వలయు సత్తువలో సగమునకు మించిన భాగము ఈ ఆమ్లములవలననే లభించును. వానిలో వినెగారునందుండు ఆమ్లము దేహపు క్రొవ్వునకును, పాలలోని వెన్నకును మూలము. రెండవది కాలేయమున చక్కెరగా మారును. పాల తీపికి ఈ చక్కెరయే ఆధారము. కావున నారగల మేతయు, గింజల దాణాయు రెండును తగుపాళ్లలో నుండవలెను. ఒకటి లేనిచో రెండవది పూర్తిగా పనికిరాదు.

మేత అంతయు క్రొవ్వుగా మారదు. జర్మనీదేశమున మోకెర్న్ అను చోట కెల్నర్ అను శాస్త్రజ్ఞుడు ఎద్దులను గాలి బయటికి పోని గదులలో నుంచి, అవి విడుచు వాయువులనుకూడ కొలిచెను. పశువు తన దేహపోషణకు వలసినదానికి మించి ఒక కిలో శుద్ధమైన పిండిపదార్థమును జీర్ణించుకొన్నచో సుమారు 248 గ్రాముల క్రొవ్వు ఏర్పడునని ఆయన నిర్ణయించెను. ఒట్టిగడ్డి విషయమున ఆయన కనుగొన్నది రైతులు ముఖ్యముగా గమనింపదగినది. గడ్డిని నమలుటకును, కదల్చుటకును, జీర్ణించుటకును పశువు తాను పొందిన సత్తువలో పెద్దభాగమును వ్యయము చేయును. పొట్ట నిండియున్నను గాదె నిండకుండుటకు ఇదియే కారణము.

3. ఈనిన తరువాత జరుగునది

ఈనిన దినము మొదలు పొదుగు పాలను అడుగును. కాని పశువు ఆకలి అంత త్వరగా పెరుగదు. పాలకు వలయు సత్తువ తిను మేతలో లభింపదు. ఆ కొఱతను తీర్చుటకు దేహము క్రొవ్వును కరగించి రక్తములోనికి విడుచును. మంచి పాడిపశువులలో ఈ స్థితి ఆఱు మొదలు పది వారముల వఱకు నుండుట సహజము. గాదెలో నిలువ యున్నచో ఈ కాలము సుఖముగా గడచును. నిలువ లేనిచో పశువు కండను కరగించుకొనును, పాలను తగ్గించును.

పాలకేంద్రమున వెన్న శాతమునుబట్టి వెల కట్టుదురు. ఈనిన తొలి వారములలో శాతము హెచ్చుగా వచ్చి, పశువు మాత్రము చిక్కుచున్నచో రైతు సంతోషింపరాదు. దేహపు క్రొవ్వే పాలలోనికి వచ్చుచున్నదని తెలిసికొనవలెను.

క్రొవ్వు మితిమీరి వేగముగా కరగినచో మఱియొక కీడు కలుగును. చక్కెర చాలనపుడు కాలేయము ఆ క్రొవ్వును పూర్తిగా దహింపలేదు. కొంత కాలేయముననే పేరుకొనును, కొంత విషమువంటి పదార్థములుగా మారి రక్తమున చేరును. అపుడు పశువు దాణాను విడిచి ఒట్టిగడ్డిని కొఱుకుచుండును, ఊపిరి తియ్యని వాసన కొట్టును, పాలు ఒక్కసారిగా తగ్గును, మందకొడిగా నిలిచియుండును. ఈ గుఱుతులు కనబడిన వెంటనే పశువైద్యునకు చూపవలెను. మూత్రమును పరీక్షించి రోగమును త్వరగా గుర్తింపవచ్చును.

4. క్రొవ్వునకును ఎదకును గల సంబంధము

క్రొవ్వు కదలిక లేని మూట యని చాలకాలము తలపబడుచుండెను. 1994లో న్యూయార్కు నగరమందలి రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఎలుకలలో పరిశోధించి, లెప్టిన్ అను రసమును గూర్చి ప్రకటించిరి. క్రొవ్వే ఈ రసమును పుట్టించి, దేహమున ఎంత నిలువ కలదో మెదడునకు తెలియజేయును. పశువులలోను ఈ రసము కలదు. ఈనిన తరువాత క్రొవ్వు కరగుకొలది ఇది తగ్గును. తిండి చాలదను వార్త మెదడునకు చేరినపుడు, మఱియొక చూలును మోయుటకు ఇది సమయము కాదని దేహము ఎదను ఆపివేయును.

ఒక ఎదకును మఱియొక ఎదకును సుమారు 21 దినములు. మూడు ఎదలు తప్పినచో 63 దినములు పోవును. దినమునకు ఆఱు కిలోల గడ్డి తిను బఱ్ఱె ఆ కాలమున 378 కిలోల గడ్డిని తినివేయును. తరువాతి ఈనికయు, దాని పాలును అంతకాలము వెనుకబడును. అంగడిలో అమ్మిన నష్టము దీనికి పైది.

5. ఈ ప్రాంతమున కలుగు చిక్కు

బఱ్ఱె సుమారు 310 దినములు చూలు మోయును. ఈ దేశమున బఱ్ఱెలు ఎక్కువగా వానకాలము మొదలు చలికాలము వఱకు ఈనును. కడుపులోని దూడ బరువులో ఇంచుమించు మూడింట రెండుపాళ్లు చివరి మూడు నెలలలో పెరుగును. వానకాలపు ఆరంభమున ఈను బఱ్ఱెకు ఆ మూడు నెలలు నిండు వేసవిలో పడును. చెరువులు అడుగంటి, చెలకలు ఎండి, పచ్చిమేత కఱవైన దినములవి. పాలు లేని పశువునకు దాణా దండుగ యని రైతు ఆ నెలలలోనే దాణాను మాన్పును. ఒట్టి వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లకు మించవు. దూడయు పెరుగవలెను, గాదెయు నిండవలెను. రెండును ఆ గడ్డితో జరుగవు.

వరికోత యంత్రములు వచ్చినపిదప గడ్డి మళ్లలోనే చెదరిపోవుచున్నది. పెక్కురు దానిని తగులబెట్టుచున్నారు. గడ్డిని చుట్టి కట్టలు కట్టు యంత్రములును వచ్చియున్నవి గావున, తగులబెట్టక వేసవికై వాము వేసికొనుట మేలు.

6. చేతితో పరీక్షించు విధము

బఱ్ఱె చర్మము నలుపు, మందము. కంటికంటె అఱచేయి మంచి సాక్షి. నడుము ప్రక్కల ఎముకల అంచులను, తుంటి ఎముకలను, తోకమొదటి గుంటను తడిమి చూడవలెను. అంచులు కత్తివలె తగిలి, తోకమొదట లోతైన గుంట యున్నచో గాదె ఖాళీ. కొంచెము నొక్కిన ఎముక తెలిసి, గుంట పూడివచ్చినచో నిలువ తగినంత కలదు. గట్టిగా నొక్కినను ఎముక దొరకనిచో క్రొవ్వు మితిమీరినది.

శాస్త్రజ్ఞులు ఈ స్థితులకు 1 మొదలు 5 వఱకు అంకెలు వేయుదురు. ఎముకల గూడు వంటిది 1, మితిమీరి బలిసినది 5. ఆంధ్రప్రదేశమందలి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ముర్రా బఱ్ఱెలకు ఇట్టి కొలతను ప్రకటించిరి. ఈనునప్పటికి 3న్నర ప్రాంతమున నుండుట పాడిబఱ్ఱెకు మేలు. పాలు మాన్పించునపుడు ఒకసారి, ఈనినపుడు ఒకసారి, ఈనిన రెండు నెలలకు ఒకసారి ఈ విధముగా చూడవలెను. ఈనిన తరువాత ఒక అంకెకు మించి దిగజారుట చెడుగుఱుతు.

7. పోషణ విధానము

ఈనుటకు రెండు నెలల ముందు పాలు పిండుట మానవలెను. ఆ రెండు నెలలు గడ్డితోపాటు దినమునకు రెండు మొదలు మూడు కిలోల దాణాను, దొరికినంత పచ్చిమేతను పెట్టవలెను. దాణాను ఇంటనే కలుపుకొనవచ్చును. నూఱు కిలోలకు మక్కలు గాని జొన్నలు గాని నూకలు గాని 40, పల్లిచెక్క గాని పత్తిగింజల చెక్క గాని 30, తవుడు 27, ఖనిజలవణ మిశ్రమము 2, ఉప్పు 1 కిలో చొప్పున కలుపవలెను. ఈనిన పిదప పోషణ దాణాకు తోడు రెండు లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున హెచ్చింపవలెను. ఈ హెచ్చింపు ఒక్కదినమున గాక పది పదునైదు దినములలో క్రమముగా జరుగవలెను.

వరికోతల తరువాత తడి యున్న మళ్లలో పిల్లిపెసర చల్లినచో వేసవి ఆరంభమున మాంసకృత్తులు గల పచ్చిమేత దొరకును.

వరిగడ్డిని యూరియాతో మాగవేసి దాని సత్తువను పెంచవచ్చును. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 మొదలు 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరగించి, పొరలు పొరలుగా గడ్డిపై సమముగా చల్లుచు త్రొక్కవలెను. గాలి చొరకుండ ప్లాస్టిక్ పట్టాతో కప్పి మూడు వారములుంచవలెను. పిదప కావలసినంత తీసి, ఘాటు పోవునట్లు కొంతసేపు ఆరబెట్టి పెట్టవలెను. ఆఱు నెలలలోపు దూడలకు దీనిని పెట్టరాదు. యూరియాను కుడితిలో గాని నీళ్లలో గాని కలిపి త్రాగించినచో పశువు చచ్చును. ఇందు ఏమాత్రమును ఏమఱుపాటు కూడదు.

8. అతిపోషణయు కీడే

గాదె నిండవలెనని చివరి నెలలో గింజలు కుమ్మరించుట తగదు. మిక్కిలి బలిసిన పశువు ఈనిన తరువాత మేత తక్కువ తినును. దాని క్రొవ్వు మఱింత వేగముగా కరగి కాలేయమునకు చేటు తెచ్చును. పెండ్లిభోజనములలో మిగిలిన అన్నమును గంపలతో పెట్టుటయు ప్రమాదము. పెద్దపొట్టలో అన్నము ఒక్కసారిగా పులిసి, పశువు నేలబడును.

ఎడ్లకును ఇదే న్యాయము. దుక్కులు మొదలగు నాటికి నడుము నిండియున్న ఎడ్లు పదును పోకమునుపే పని ముగించును.

ముగింపు

భారతదేశ వ్యవసాయమును గూర్చి 1928లో నివేదిక సమర్పించిన రాయల్ కమీషను ఒక చక్రమును చూపెను: మేత చాలక పశువులు బలహీనమైనకొలది రైతులు వాని సంఖ్యను పెంచుదురు, సంఖ్య పెరిగినకొలది మేత మఱింత చాలదు. ఈ చక్రము తెగవలెనన్నచో ఉన్న మేతను తగినన్ని పశువులకు, తగిన కాలమున పెట్టవలెను.

రైతులు జ్ఞాపకముంచుకొనవలసినవి: కొట్టములో పాలివ్వని చూడిపశువు దండుగది కాదు, రాబోవు ఏటి పాలు దాని నడుముమీదనే యున్నవి. ఈనుటకు రెండు నెలల ముందు దాణా మానరాదు. నెలకొకమారు అఱచేయి వేసి చూడవలెను. ఏ మార్పునైనను మెల్లగా చేయవలెను. దాణా విడిచిన పశువును ఒక్కదినమైనను ఉపేక్షింపరాదు.