గుర్రానికి తడి అటుకులు

జంషెడ్‌పూర్ బారిడీహ్‌లో పెళ్లిళ్ల రోజులొచ్చాయంటే మా వీధి చివరి వేపచెట్టు కింద ఒక తెల్లగుర్రం వచ్చి నిలబడుతుంది. సాయంత్రం అద్దాల గుడ్డలు కప్పుకుని పెళ్లికొడుకుని మోసేది అదే. మొన్న మధ్యాహ్నం మా మనవరాలు పరుగెత్తుకొచ్చి, "తాతా, ఆ భయ్యా గడ్డికి స్నానం చేయిస్తున్నాడు!" అంది. వెళ్లి చూస్తే నిజమే. గుర్రాన్ని చూసుకునే కుర్రాడు ఎండుగడ్డిని వలసంచిలో కూరి, నీళ్ల డ్రమ్ములో ముంచి, తేలకుండా పైన ఇటుక పెట్టాడు.

"స్నానమేటమ్మలూ, మీ నానమ్మ అటుకులు తడపదూ? అలాగే."

"అటుకులు మెత్తబడాలని తడుపుతుంది. దానికి అంతంత పళ్లున్నాయిగా!"

పిల్ల బాగానే పట్టుకుంది. ఈ తడపడం పళ్ల కోసం కాదు, ముక్కు కోసం. గుప్పెడు పొడిగడ్డి చేతికిచ్చి ఎండపొడలో దులపమన్నాను. దుమ్ము పొగలా లేచింది, పిల్లకి రెండు తుమ్ములొచ్చాయి. అందులో మట్టి ఉంది, గడ్డి నుసి ఉంది, వాటితోపాటు స్పోర్లు, అంటే బూజు విత్తనాలు ఉన్నాయి. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు స్పోరు రెండు మూడు మైక్రాన్లు, తలవెంట్రుక మందంలో ఇంచుమించు పాతికో వంతు. అంత సన్నది ముక్కులో ఆగదు, ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది.

మనకి ముక్కు బిగుసుకుంటే నోటితో గాలి పీలుస్తాం. గుర్రానికి ఆ వీలు లేదు. దాని గొంతులో మెత్తటి అంగిలి నోటిదారికీ ఊపిరిదారికీ మధ్య తలుపులా పడి ఉంటుంది. పీల్చినా వదిలినా ముక్కుతోనే. మేస్తున్నంతసేపూ ఆ ముక్కు గడ్డిలోనే ఉంటుంది. రోజూ ఈ దుమ్ము తగిలి గాలిగొట్టాలు వాస్తే దానికీ ఉబ్బసం వస్తుంది. నడక మొదలెట్టగానే రెండు దగ్గులు దగ్గితే గొంతు సవరించుకుంటోందనుకుంటారు. నన్నడిగితే రోగం తలుపు తట్టేది అప్పుడే. మనుషులకీ తప్పలేదు. ధాన్యం జల్లెడపట్టే కూలీల దగ్గు, ఆయాసం గురించి ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లోనే పుస్తకంలో రాశాడు.

"అయితే గడ్డిని వానలో వదిలేస్తే సరిపోతుందిగా, తాతా?"

నీళ్లు ఎప్పుడు తగిలాయన్నదే ఇందులో కిటుకు. దాచే గడ్డిలో తేమ నూటికి 15 పాళ్లు మించకూడదు. 20 దాటాక వాము వేస్తే లోపల సూక్ష్మజీవులకి పండగే. వేడి పుడుతుంది, ఆ వేడిని ఇష్టపడే బూజు ఇంకోటి చేరుతుంది. ఒక్కోసారి వాము తనంతట తనే అంటుకుంటుంది కూడా. శ్రీకాకుళం వైపు మా ఊళ్లో మా నాన్న వాములోకి గునపం దూర్చి, కాసేపాగి లాగి, మొన పట్టుకుని చూసేవాడు. తరవాత నేను ముప్పై ఏళ్లు ఫర్నేసు దగ్గర పనిచేశాను గాని, పైకి చల్లగా ఉన్నదాని లోపల ఏం కాగుతోందోనన్న అనుమానం నాకు ఆ గునపంతోనే పట్టుకుంది.

అదే గడ్డిని తినబోయే ముందు ముంచావనుకో, దుమ్ము గడ్డికి అంటుకుని ఊపిరిలోకి పోకుండా కడుపులోకి పోతుంది. పది నిమిషాల నుంచి అరగంట చాలు. రాత్రంతా నానితే చక్కెరలు, పొటాషియంలాంటి లవణాలు నీళ్లలోకి దిగిపోతాయి. డ్రమ్ములో నీళ్లు టీ రంగుకి తిరిగేది అందుకే. కొవ్వెక్కిన గుర్రానికి అలా నానబెట్టినా మంచిదే గాని ఈ బక్కప్రాణికి నష్టం. పైగా మే నెల జంషెడ్‌పూర్ ఎండలో తడిగడ్డి ఇట్టే పులుస్తుంది, మిగిలింది పారబోయాల్సిందే. డబ్బున్న లాయాల్లో ఇడ్లీపాత్రలాంటి పెట్టెలో ఆవిరి పట్టిస్తారు. ఆవిరి నడిమధ్యదాకా చేరకపోతే బూజు చావకపోగా ఆ వెచ్చదనానికి పెరుగుతుంది. ముక్కిన వాసన కొట్టే గడ్డినైతే ముంచినా ఉడికించినా దండగే, అందులో దిగిన విషం పోదు.

ఇక పొట్ట సంగతి. అంత ఒంటికి ఉన్నది పది పన్నెండు లీటర్ల పొట్ట, వంటింటి బిందెడు. అందులో ఆమ్లం రాత్రీపగలూ ఊరుతూనే ఉంటుంది, దాన్ని విరిచే లాలాజలం మాత్రం నమిలినప్పుడే వస్తుంది. అందుకే గంటలకొద్దీ మేత లేకుండా నిలబెట్టిన గుర్రానికి కడుపులో పుళ్లు పడతాయి. ఆవులా నెమరెయ్యలేదు, వాంతీ చేసుకోలేదు. పీచుని పులియబెట్టే పని వెనక పేగుల్లో సూక్ష్మజీవులు చూసుకుంటాయి. మేత ఉన్నట్టుండి మార్చినా, తట్టెడు ఉలవలు ఒక్కసారే పోసినా వాటి లెక్క తప్పుతుంది, గుర్రం కడుపునొప్పితో నేలమీద దొర్లుతుంది. ఇంగ్లిషువాళ్లు ఉలవలకి గుర్రం పేరే పెట్టారు గాని, దానికి అసలు తిండి గడ్డే. 300 కిలోల గుర్రానికి రోజుకి ఐదారు కిలోలు కావాలి. వరిగడ్డి ముతక, పేగులో అడ్డుపడొచ్చు. వినాయకుడికి పెట్టే మన గరికనే ఇక్కడ దూబ్ అంటారు. అది ఎండబెడితే మేలైన మేత.

కుర్రాడు కారుతున్న సంచి తీసి కొమ్మకి కట్టబోయాడు. "కింద పెట్టు బాబూ, తల వంచి తింటే ముక్కులో చీమిడి కారిపోతుంది," అన్నాను. పెట్టాడు. అంతలో సందు మొదట్లో బ్యాండు మోగింది, ఎవరో గుర్రం కోసం కేకేశారు. అది తల ఎత్తలేదు. కుర్రాడు కళ్లెం భుజాన వేసుకుని, "దో మినట్!" అని తిరిగి అరిచాడు.